పంతొమ్మిదో పేజీలో దొరికిపోయిన హంతకుడు

మిస్టరీ నవలలో హంతకుడెవరో పంతొమ్మిదో పేజీలోనే తెలిసిపోవడం కంటే గొప్ప వరం ఈ ఆధునిక జీవితంలో ఇంకొకటి లేదు!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

పాతకాలం సస్పెన్స్ నవలలు మనుషుల్ని ఎంత హింస పెట్టేవో మీకు గుర్తుందా? దిగాల్సిన స్టాపు దాటిపోయేది. స్టవ్ మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి, చివరికి గిన్నె కూడా విసుగొచ్చి చల్లారిపోయేది. మా ఆఫీసులో ఒకాయన ఇంకో ముప్పై పేజీలున్నాయనగా లిఫ్టు ఎక్కాడు. ఆరంతస్తులూ పైకీ కిందికీ తిరుగుతూ పుస్తకం పూర్తిచేసి, వాచీ చూసుకుని, సాయంత్రమైందని అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన ఆఫీసుకి వచ్చినట్టా, రానట్టా? ఇప్పటికీ తేలలేదు.

ఇదా నాగరికత?

ఇప్పుడు ఆ బాధలన్నీ తీరిపోయాయి. కోజీ మిస్టరీలు వచ్చేశాయి! తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోజీ మిస్టరీ అంటే కాళ్లు చాపుకుని హాయిగా చదువుకునే హత్య. రక్తం ఉండదు. శవం ఎవరికీ ఇబ్బంది కలగకుండా, తివాచీ పాడవకుండా, టీ టైముకి కాస్త ముందుగా పడి ఉంటుంది. హంతకుడు కూడా మర్యాదస్థుడే. పట్టుకోగానే కుర్చీ లాక్కుని కూర్చుని, ఎందుకు చంపాడో, ఎలా చంపాడో రెండు పేజీల పాటు ఓపిగ్గా చెప్పి మరీ వెళ్తాడు.

ఈమధ్య నేను చదివిన ‘కేకు కింద కత్తి’నే తీసుకోండి. ఒకే రచయిత్రి రాసిన వరసలో ఇది పదకొండోది. ఊరు చిన్నది, జనాభా రెండు వందలు. అక్కడ బేకరీ నడిపే ఒకావిడ హత్యలన్నీ తేలుస్తుంటుంది. మొదటి పది పుస్తకాల్లో ఆ ఊళ్లో నలభై మంది పోయారు. అయినా జనాభా ఇంకా రెండు వందలే! అదెలాగని అడక్కండి. ఆ ఊరి కానిస్టేబుల్ ఇంతవరకూ ఒక్కణ్ణి కూడా పట్టుకోలేదు. హత్య జరిగినప్పుడల్లా బేకరీకి వచ్చి, కేకు తిని, ‘ఇది చాలా చిక్కు కేసు మేడమ్’ అని మూతి తుడుచుకుంటాడు. కౌంటరు మీద ఒక పిల్లి. అది అన్నీ చూస్తుంది, ఏమీ చెప్పదు.

ఈసారి పోయింది కేకుల పోటీకి వచ్చిన జడ్జి. మూడంతస్తుల కేకులో మొహం పెట్టి పడి ఉంటాడు. చంపిందెవరు?

పంతొమ్మిదో పేజీకి రండి. ఊరికి కొత్తగా వచ్చిన పూలకొట్టాయన బేకరీలోకి వస్తాడు. మండుటెండలో చేతులకి నల్ల గ్లవ్స్. ‘రెండు బన్నులివ్వండి’ అంటాడు. ఆవిడ ఇస్తుంది. అప్పుడాయన ఏమంటాడో తెలుసా?

‘అన్నట్టు, నాకు కత్తుల గురించి ఏమీ తెలియదండీ!’

ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అప్పటికింకా జడ్జి బతికే ఉన్నాడు!

ఆ తరవాత రెండు వందల పన్నెండు పేజీల పాటు బేకరీ ఆవిడ ఊరంతా తిరుగుతుంది. లైబ్రేరియన్ మీద అనుమానపడుతుంది. కొళాయిలు బాగుచేసేవాడి మీద అనుమానపడుతుంది. చచ్చిపోయిన జడ్జిగారి పిన్నత్తగారి మీద కూడా అనుమానపడుతుంది. ఎదురుగా నల్ల గ్లవ్స్ వేసుకుని నిలబడ్డ మనిషితో మాత్రం, ‘మీ చామంతులు ఎంత తాజాగా ఉన్నాయండీ!’ అంటుంది.

ఇందులో పాఠకుడికి ఎంత సుఖం ఉందో ఆలోచించండి. మీరు పంతొమ్మిదో పేజీ తరవాత ఆ పుస్తకాన్ని రైల్లో మర్చిపోయారనుకోండి. రైలు వెనక పరిగెత్తక్కర్లేదు. పేజీ మధ్యలో నిద్రపోవచ్చు, నిద్రలేచి ఇంకో పేజీ నుంచి మొదలుపెట్టవచ్చు. నాకు తెలిసిన ఒక బైండర్ ఒకసారి పొరపాటున కోజీ మిస్టరీ మధ్యలో తోటపని పుస్తకంలోని ముప్పై రెండు పేజీలు కలిపి కుట్టేశాడు. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. పైగా ఎరువుల భాగం అద్భుతంగా ఉందని రచయిత్రికి ఇద్దరు ఉత్తరాలు రాశారు!

కానీ ఈ లాభాలన్నీ ఒక ఎత్తు, గృహశాంతి ఒక్కటీ ఒక ఎత్తు. మా ఇంటి సంగతే చెబుతాను, మీరే తేల్చండి.

మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఒక అలవాటుంది. నలుగురం కలిసి వారానికో మిస్టరీ నవల చదువుతాం. పుస్తకం లైబ్రరీది, ఒకటే కాపీ. సోమ, మంగళ వారాలు మా ఆవిడది. బుధ, గురువారాలు మా మామగారివి. శుక్రవారం పై అంతస్తు టైలర్‌ది. శనివారం నాది. చివరి అధ్యాయానికి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది, అది ఎవరూ తియ్యకూడదు. పుస్తకం గురించి ఆదివారం దాకా ఒక్క మాట మాట్లాడకూడదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురం ముందుగదిలో కూర్చుని, హంతకుడెవరో తలా ఒక చీటీ మీద రాసి, టైలర్ ఇచ్చిన బటన్ల డబ్బాలో వేస్తాం. మా ఆవిడ ఒక్కొక్కటే తీసి చదువుతుంది. ఎవరు రాసింది వాళ్లు వాదించుకోవాలి. వాదనలు ముగిశాక రబ్బరు బ్యాండు తీసి చివరి అధ్యాయం పైకి చదువుతాం. సరిగ్గా రాసినవాళ్లకి ఆ వారమంతా కిటికీ పక్కన చేతుల కుర్చీ.

చెప్పడానికి బాగానే ఉంది. పడ్డవాళ్లకి తెలుస్తుంది ఆ నరకం!

మా మామగారు ముప్పై నాలుగేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున అగ్నిప్రమాదాలు పరిశీలించే ఉద్యోగం చేశారు. కాలిపోయిన గోడౌనులోకి వెళ్లి, బూడిద వాసన చూసి, ‘ఇది తనంతట తాను కాలలేదు’ అని చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక ఆయనకి వాసన చూడ్డానికి బూడిద లేకుండా పోయింది. వారం మొత్తంలో ఆయన ఇంట్లో మాట్లాడేది పదకొండు మాటలు. ‘ఊఁ’ని కూడా కలుపుకుని లెక్క పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆయన కాలిపోయిన గోడౌన్లన్నిట్నీ మళ్లీ అంటించేవారు.

మా ఆవిడ కంటి ఆస్పత్రిలో చూపు పరీక్ష చేస్తుంది. రోజంతా జనాన్ని ‘కింది వరస చదవండి’ అని అడిగి అడిగి, ఎవరికీ ఏదీ సరిగ్గా కనపడదనే నిర్ణయానికి వచ్చేసింది. టైలర్ బట్టల్ని బట్టి తప్ప మనిషిని నమ్మడు. ఒకసారి నవల్లో వితంతువు నల్లచీరకి ఎర్ర అంచు ఉందన్న ఒక్క ముక్క పట్టుకుని మూడు గంటలు వాదించి, ఓడిపోయి, ఆ కోపంలో మర్నాడు నా చొక్కాకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టాడు. ఇంకోసారి నేను గెలిచినందుకు మా ఆవిడ రెండ్రోజులు నాతో సైగలతో మాట్లాడింది.

అలాంటి ఇంట్లోకి శాంతి ఎలా వచ్చింది? లైబ్రరీకి సున్నం వేయడం వల్ల వచ్చింది!

మరమ్మతుల కోసం పుస్తకాలన్నీ మూటలు కట్టేసి, ఒకే ఒక్క బీరువా వరండాలో ఉంచారు. దాన్నిండా ఈ బేకరీ ఆవిడే. ‘ఇవైతే ఎవరూ ఎత్తుకుపోరండీ’ అంది లైబ్రేరియన్. పని అయ్యేదాకా ఇవే గతి.

మొదటి ఆదివారం ఎనిమిదో పుస్తకం. డబ్బాలోంచి నాలుగు చీటీలు తీస్తే నాలుగింటి మీదా ‘పోస్ట్‌మాస్టర్’. చివరి అధ్యాయం చదివాం. పోస్ట్‌మాస్టరే. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. టీ ఇంకా పొగలు కక్కుతోంది. కుర్చీ నలుగురికీ వచ్చింది కాబట్టి ఎవరూ కూర్చోలేదు.

రెండో ఆదివారం నాలుగు చీటీలు, ఒకటే పేరు. మూడో ఆదివారం కూడా అంతే. చూశారా, ఎంత ఐకమత్యమో! కోపం లేదు, అరుపు లేదు, పొట్టి చెయ్యి చొక్కా లేదు. మామగారు ‘సరే’ అని ఒక్క మాట అని తన గదిలోకి వెళ్లి, మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు చదవడం మొదలుపెట్టారు. ఏమిటండీ అవి అని అడిగితే, “తలనొప్పి మాత్ర కాగితం అల్లుడూ. వేసుకుంటే రాగల ఇబ్బందులు వరసగా ఇచ్చాడు. చిట్టచివర్న ఏమన్నాడో తెలుసా? తలనొప్పి రావచ్చు అన్నాడు! నేను అనుకోనేలేదు” అన్నారు.

ఆ మూడు ఆదివారాల్లో ఆయన ఉత్సాహంగా చెప్పింది అదొక్కటే.

మూడో ఆదివారమే టైలర్ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, “సార్, ఏమీ అనుకోకండి. వచ్చేవారం కూడా ఇలాగే నాలుగు నిమిషాల్లో అయిపోతే ఆ డబ్బా ఇచ్చేయండి. నాకు బటన్లు పెట్టుకోడానికి చోటు లేదు” అన్నాడు.

“అంటే, ఆదివారాలు మానేద్దామంటారా?” అంది మా ఆవిడ.

“నేనెక్కడన్నానమ్మా? డబ్బా అడిగానంతే.”

మామగారు గదిలోంచే, “ఇచ్చేయండి. ఉంచుకుని ఏం చేస్తాం?” అన్నారు. ఎనిమిదో మాటో, తొమ్మిదో మాటో అయి ఉంటుంది.

నేను లోపల్లోపల ఎంత సంతోషించి ఉంటానో మీరే ఊహించండి! పన్నెండేళ్ల గొడవ వదిలిపోతోంది. ఆదివారం మధ్యాహ్నాలు ఇక హాయిగా గోడ చూస్తూ కూర్చోవచ్చు. మామగారు ఎంచక్కా దగ్గుమందు కాగితాలు చదువుకుంటారు. టైలర్‌ని మెట్ల మీద తప్ప చూడక్కర్లేదు.

శనివారం ‘కేకు కింద కత్తి’ నా చేతికొచ్చింది. మంచి జరగబోతోందన్న ఉత్సాహంతో తెరిచాను. పంతొమ్మిదో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పూలకొట్టాయన మాట పక్కన మార్జిన్‌లో టైలర్ సుద్దముక్క గీత. దాని కింద మామగారి గోటి నొక్కు. ఆయన పాత ఫైళ్లలో అనుమానం వచ్చినచోటల్లా అలాగే నొక్కేవారు. పేజీ అంచున మా ఆవిడ తడివేలి మరక. విసుగొస్తే ఆవిడ పేజీని గట్టిగా తిప్పుతుంది.

అంటే ముగ్గురికీ తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది. రేపు నాలుగు చీటీలు, ఒకటే పేరు, నాలుగు నిమిషాలు. తరవాత డబ్బా మెట్లెక్కి పైకి వెళ్లిపోతుంది.

అప్పుడు నేనొక నేరం చేశాను.

పాఠకుల దగ్గర దాపరికం దేనికి? ఆదివారం చీటీ మీద ‘పూలకొట్టాయన’ అని రాయలేదు. ‘పిల్లి’ అని రాశాను. రాసి, మడిచి, ఏమీ ఎరగనట్టు డబ్బాలో పడేశాను. పన్నెండేళ్లలో మొట్టమొదటిసారి అబద్ధపు చీటీ! ఎవరో ఒకరు అడ్డంగా వాదించకపోతే ఎలా? ఉత్త దేశసేవ అనుకోండి.

మా ఆవిడ డబ్బాలో చెయ్యి పెట్టి మొదటి చీటీ తీసింది. “పిల్లి” అని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. “పిల్లేనండీ. ఇదెవరిది?”

“నాది” అన్నాను గొంతు సవరించుకుని. “హత్య జరిగిన గదిలో అది ఉంది. మీసాలకి క్రీము ఉంది. ఇన్ని పుస్తకాల్లో ఒక్కరూ దాన్ని ప్రశ్నించలేదు. అనుమానం రాని ప్రాణి అదొక్కటే. కాబట్టి...”

“పిల్లి కత్తి పట్టుకుందా సార్?” అన్నాడు టైలర్.

“పట్టుకోలేదని ఎక్కడ రాసుంది, చూపించండి.”

నాలుగు వారాల తరవాత టైలర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక మిగతా ముగ్గురూ పూలకొట్టాయన అంటారు, నేను పిల్లి పక్షాన ఒంటరిగా ఒక గంటయినా నిలబడగలననుకున్నాను.

మా ఆవిడ రెండో చీటీ తీసింది. “బేకరీ ఆవిడే.”

మామగారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

“నాదే. ఏం? నలభయ్యొక్క శవాలు. ప్రతి శవం దగ్గరా మొట్టమొదట కనపడే మనిషెవరు? ఆవిడే! పదకొండు గోడౌన్లు తగలబడ్డాయి, పదకొండు చోట్లా ఒకే మనిషి అగ్గిపెట్టె పట్టుకుని ‘అయ్యో, ఎవరంటించారో’ అంటున్నాడనుకో. నువ్వైతే వాడికి టీ ఇచ్చి, కేసు తేల్చిపెట్టమని బతిమాలతావా అల్లుడూ?”

పదకొండు మాటల కోటా ఒక్క దెబ్బకి దాటిపోయింది!

“అలా అయితే కథే ఉండదు కదా నాన్నా!”

“ఉండకపోతే పీడా పోయింది. క్లెయిము కొట్టెయ్!”

“అందరూ తప్పే” అన్నాడు టైలర్, తన చీటీ తనే డబ్బాలోంచి లాగి. రూలు ప్రకారం అది తప్పు. ఎవరూ పట్టించుకోలేదు. “నేనేం రాశానో చూడండి. శవం!”

“శవం ఏంటండీ?”

“జడ్జి చావలేదమ్మా! కోటు బటన్లు కుడి మీదకి ఎడమ పెట్టారని నలభయ్యో పేజీలో ఉంది, ఎడమ మీదకి కుడి అని యాభయ్యో పేజీలో ఉంది. పడిపోయాక ఎవరు విప్పి మళ్లీ పెట్టుకుంటారు? బతికున్నవాడే. కేకు అంత బాగుంది, మొహం పెట్టి తింటున్నాడు.”

“పది పేజీలు ఊపిరాడకుండానా?”

“కేకు మెత్తగా ఉంటే ఆడుతుంది.”

“నీ బటన్లు తగలెయ్య!” అని మామగారు బల్ల గుద్దారు. టీ కప్పు తిరగబడింది. ఇన్ని వారాల్లో మా బల్లగుడ్డ మీద పడ్డ మొదటి మరక. మా ఆవిడ దాన్ని తుడవను కూడా లేదు. నాలుగో చీటీ విప్పి, గుండెకి ఆనించుకుని, “మీరెవరూ కింది వరస చదవలేదు. పై వరస చదివి ఆగిపోయారు. హంతకురాలు రచయిత్రి!” అంది.

“అదెలా కుదురుతుందే?” అన్నాను.

“ఎందుకు కుదరదండీ? అంతమందిని ఆ ఊళ్లోకి రప్పించిందెవరు? కేకుల పోటీ పెట్టించిందెవరు? కత్తి కేకు కింద పెట్టిందెవరు? సాక్ష్యం కావాలా? అట్ట మీద పేరుంది!”

అయ్యా, ఆ తరవాత జరిగింది నేను వర్ణించలేను. వాదన రెండున్నర గంటలు సాగింది. టైలర్ నా కోటు తొడుక్కుని బల్ల మీద బోర్లా పడి, ఊపిరి ఆడుతుందని చూపించాడు. మామగారు రిటైరయ్యేలోపు తేల్చలేకపోయిన ఒక పత్తి గోడౌను కేసు మొదట్నుంచీ చెప్పి, మధ్యలో అది కూడా బేకరీ ఆవిడ పనేనేమో అన్నారు. మా ఆవిడ మా ముగ్గుర్నీ కళ్లు పరీక్ష చేయించుకోమంది. నేను పిల్లి గౌరవాన్ని కాపాడ్డానికి ‘మ్యావ్’ అనాల్సి వచ్చింది. టీ మూడుసార్లు కాచారు, మూడుసార్లూ చల్లారింది.

ఆఖరికి రబ్బరు బ్యాండు తీశాం. మామగారే చదివారు. ‘ఆవిడ అందరి వైపూ చూసి, వేలెత్తి, పూలకొట్టాయనని చూపించింది...’

మామగారు పుస్తకం బల్ల మీద పెట్టేశారు.

“పూలకొట్టాయనా!” అన్నాడు టైలర్ నోరు తెరిచి.

“అబ్బ! ఎంత బాగా దాచిందండీ” అంది మా ఆవిడ.

“మోసం!” అన్నారు మామగారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

పన్నెండేళ్లలో మొదటిసారి నలుగురమూ ఓడిపోయాం. కుర్చీ ఎవరికీ రాలేదు. పోట్లాటలో అలిసిపోయి మామగారే వెళ్లి అందులో కూర్చున్నారు. టైలర్ లేచి గుమ్మం దాకా వెళ్లాడు. డబ్బా తీసుకెళ్తాడేమోనని మా ఆవిడ దాని మీద చెయ్యి వేసి ఉంచింది. టైలర్ డబ్బా వైపు చూడను కూడా లేదు.

చెప్పులేసుకుంటూ, “పూలకొట్టాయన మీద నాకసలు అనుమానమే రాలేదు సుమండీ” అన్నాడు.

ఎవరూ అడగలేదు.

“నాకూ తట్టలేదు” అన్నారు మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆయన్నీ ఎవరూ అడగలేదు.

మా ఆవిడ కప్పులు ఏరుతూ, “అసలా గ్లవ్స్ సంగతే నేను గమనించలేదండీ” అంది. గ్లవ్స్ మాట ఆ మధ్యాహ్నం ఎవరి నోటా రాలేదు.

పంతొమ్మిదో పేజీని నేను పుస్తకంలోనే మూసేసి, “నేనూ అంతే” అన్నాను.

కాబట్టి రచయిత్రిగారూ, కోజీ మిస్టరీ నిజంగా వరమే. ఒప్పుకుంటున్నాను. ఒక్కటే చిన్న మనవి. చీటీ మీద అబద్ధం రాయడం కూడా సరిగ్గా చేతకాని మేం నలుగురం, ఒకరికొకరం తెలియకుండా, రెండున్నర గంటల పాటు మీ హంతకుణ్ణి దాచిపెట్టాం. అదే పని చేయడానికి మీ దగ్గర రెండు వందల ముప్పై పేజీలున్నాయి కదమ్మా, కనీసం ఆయన చేతి గ్లవ్స్ అయినా తీయించలేకపోయారా?